బరంపురం పచ్చడి ఇచ్ఛాపురం చేరాలంటే

బరంపురంలో ఆవకాయ వ్యాపారం పెట్టేవాళ్లు రుచి మీద చూపే శ్రద్ధలో సగమైనా సరిహద్దు మీద చూపాలి. ఇచ్ఛాపురం దగ్గరే, కానీ వేరే రాష్ట్రం. ఒడిశాలోనే అమ్మితే ఏటా 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సరుకు సరిహద్దు దాటితే మాత్రం తొలి సీసా నుంచే కావాలి. కాంపోజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉన్నవాళ్లు బయటి రాష్ట్రానికి అసలు అమ్మకూడదు. పన్ను లేని అప్పడాలు మాత్రమే అమ్మేవాళ్లకు ఈ రిజిస్ట్రేషన్ బెడద లేదు.

అసలు ముంచేది అరువు. నెలకు లక్ష రూపాయల సరుకిచ్చి 45 రోజులకు డబ్బు తీసుకుంటే, లక్షన్నర ఎప్పుడూ కొట్లలోనే ఉండిపోతుంది. పైగా మామిడికాయలు ఏడాదికి సరిపడా వేసవిలోనే కొనాలి! ఈ రెంటికీ చాలినంత పెట్టుబడి చేతిలో లేకుండా దయచేసి మొదలుపెట్టకండి. కొత్త కొట్టుకు మొదటి మూడుసార్లు నగదుకే ఇవ్వండి, అవసరమైతే ధరలో 2 శాతం తగ్గించి అయినా సరే.