డిస్ప్యూట్ అంటే ప్రతిసారీ వివాదమేనా?

ఇంగ్లీషు కాపీలో డిస్ప్యూట్ అన్న మాట కనబడితే చాలు, మా డెస్కులో అందరి వేళ్లూ వాటంతటవే ‘వివాదం’ అని కొట్టేస్తాయి. కాంట్రవర్సీకీ వివాదమే, రౌకీ వివాదమే. హెడ్డింగులో చోటు చాలకపోతే ‘రగడ’. ఇంకాస్త మసాలా కావాలంటే ‘రచ్చ’. పేజీ వదిలే టైము నెత్తి మీద కూర్చున్నప్పుడు ఎవరికైనా అంతకంటే తీరిక ఎక్కడిది? ఏజెన్సీ వార్తలు తెలుగు చేయడమే నా పని కాబట్టి ఆ హడావుడి నాకూ తెలుసు. అయినా ఈ మాటలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం నాకు మొదటి నుంచీ గిట్టదు. కాపీలో ఇలాంటి మాట తగలగానే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: దీన్ని తేల్చేది ఎవరు? జవాబు దొరికితే తెలుగు మాట దానంతటదే వస్తుంది.

రౌకి ఆ జవాబు అక్కర్లేదు, అందుకే దాన్ని ముందు వదిలించుకుంటాను. ఇంగ్లీషు అక్షరాలు (row) చూస్తే వరస అని అర్థమొచ్చే ‘రో’కీ, గొడవ అని అర్థమొచ్చే ‘రౌ’కీ తేడా లేదు. మొన్నామధ్య కొత్తగా చేరిన కుర్రాడు ‘వాటర్ రో’ అని పైకే చదివి, “అన్నా, నీళ్ల కోసం క్యూ కట్టారా?” అని అడిగాడు. గొడవ అయితే ‘కౌ’తో ప్రాస కలవాలి. పద్దెనిమిదో శతాబ్దం చివర బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన మాట ఇది. మూడే అక్షరాలు కావడంతో హెడ్డింగులు రాసేవాళ్లకు వరమైపోయింది. సీట్ రౌ, సిలబస్ రౌ, ఫ్లెక్సీ రౌ. ఎవరూ తీర్పు చెప్పక్కర్లేదు, రెండు రోజులకు దానంతటదే చల్లారుతుంది. దీనికి మన ‘రగడ’ అచ్చంగా సరిపోతుంది. ఛందస్సు చదివినవాళ్లకు రగడ అంటే ఒక పద్యరీతి అనుకోండి. మధురగతి రగడలో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు.

డిస్ప్యూట్ అలా కాదు, దానికి ఫైలు ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టంలో ‘కన్స్యూమర్ డిస్ప్యూట్’కి ఇచ్చిన నిర్వచనం చూడండి: ఫిర్యాదులోని ఆరోపణలను అవతలి పక్షం కాదన్నప్పుడే అది డిస్ప్యూట్. మీరు ఎంత గట్టిగా అరిచినా అది కంప్లెయింటే. దుకాణదారు “అవునండీ, మాదే పొరపాటు, డబ్బులు తీసుకోండి” అన్నాడా, డిస్ప్యూట్ పుట్టనే లేదు. 2016 దివాలా చట్టంలో దీనికి ఇంకా గిరాకీ. సరుకు అమ్మినవాడో సేవ చేసినవాడో బాకీ కట్టమని డిమాండ్ నోటీసు ఇస్తే, కంపెనీ పది రోజుల్లోగా ‘ఈ బాకీ మీద ముందు నుంచే డిస్ప్యూట్ ఉంది’ అని చూపించుకోగలిగితే దివాలా కేసు అక్కడే ఆగుతుంది. 2017లో మోబిలాక్స్ కేసులో సుప్రీంకోర్టు దీనికో గీత గీసింది: ఆ డిస్ప్యూట్ నెగ్గుతుందా లేదా అన్నది ఇక్కడ చూడక్కర్లేదు, ఉత్తుత్తిది కాకపోతే చాలు. అంటే కొన్ని కంపెనీలకు డిస్ప్యూట్ తలనొప్పి కాదు, గొడుగు. ఇలాంటి కాపీలో ‘వివాదం చెలరేగింది’ అని రాస్తే పాఠకుడికి ఏమర్థమవుతుంది? ‘బాకీని కంపెనీ ముందే కాదన్నది’ అని రాస్తే సరిపోతుంది.

కృష్ణా నీళ్లదీ అదే తంతు. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజలాల చట్టం పేరులోనే డిస్ప్యూట్స్ ఉంది. రాష్ట్రం కేంద్రాన్ని రాతపూర్వకంగా అడగాలి. చర్చలతో తేలదని కేంద్రానికి అనిపిస్తే ట్రిబ్యునల్ వేస్తుంది. 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ 2,060 టీఎంసీలను లెక్కలోకి తీసుకుని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560 పంచింది. తేల్చేవాడి పేరుంది, తీర్పుంది, అంకెలున్నాయి. అందుకే అది డిస్ప్యూట్.

మా ఊరు డెల్టాలో కాలువ చివర ఉంటుంది. అక్కడ ఆ మాట ఎవరి నోటా రాదు. చిన్నప్పుడు రాత్రిపూట మా నాన్న పార భుజాన వేసుకుని కట్ట మీదకు బయలుదేరితే, వెనకాలే టార్చిలైటు పట్టుకుని నేనూ పోయేవాణ్ణి. పై చేను ఆయన, నీళ్లు చేలోకి మళ్లించే మడవను అప్పటికే తన వైపు తిప్పేసుకుని ఉండేవాడు. “ఏం బావా, మా వంతు అయిపోకుండానే మడవ మార్చేశావేంటి?” అని ఈయన. “మీ వంతు పొద్దుగూకేదాకేనంట, లస్కరు చెప్పాడు” అని ఆయన. ఇద్దరూ మడవకు చెరోవైపు నిలబడి, ఒకరు మట్టి వేస్తుంటే ఒకరు లాగేస్తూ ఉండేవాళ్లు. తెల్లారి, కాలువ నీళ్లు చూసుకునే ఆ లస్కరు సైకిలేసుకుని వచ్చి, ఇద్దరినీ చెరో మాటా అని, మడవ మధ్యలో ఓ రాయి పెట్టి పోయేవాడు. బచావత్ గారి పని అక్కడ లస్కరు చేసేవాడన్నమాట. దీన్ని మా వాళ్లు తగువు అంటారు. అదే పారలు లేచి రోడ్డెక్కితే పోలీసుల ఇంగ్లీషులో అఫ్రే అవుతుంది. బహిరంగ స్థలంలో ఇద్దరో అంతకంటే ఎక్కువ మందో కొట్టుకుని జనం ప్రశాంతత చెడగొట్టాలి. అదే కొట్లాట నట్టింట్లో జరిగితే అఫ్రే కాదు, ఇంకేదో సెక్షను. పాత శిక్షాస్మృతిలో దీనికి నెల జైలో, వంద రూపాయల జరిమానానో ఉండేది. కొత్త న్యాయ సంహితలో నెల నెలగానే ఉంది, వందను వెయ్యి చేశారు.

తగువు అన్నాను కాబట్టి ఒక మాట. పాత తెలుగులో తగవు అంటే న్యాయం. తగవు చెప్పడమంటే తీర్పు చెప్పడమే. రాను రాను తీర్పు పోయి గొడవ ఒక్కటే మిగిలింది. తెలంగాణ మిత్రులు “నాతోని పంచాయితీ పెట్టుకోకు” అంటారు. గొడవ తీర్చడానికి కూర్చున్న పెద్దల పేరే గొడవకు అతుక్కుపోయింది.

సరిగ్గా ఇదే పని ఇంగ్లీషులో ‘మూట్’కి జరిగింది, నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇదే. పాత ఇంగ్లీషులో గెమోట్ అంటే జనం కూడి విషయాలు తేల్చుకునే సభ. అచ్చంగా పంచాయితీ. సభ పేరు నెమ్మదిగా సభ ముందున్న అంశానికి వచ్చింది. లండన్‌లో వకీలు చదువు చదివేవాళ్లు ఊహించుకున్న కేసుల మీద వాదించి సాధన చేసేవారు, దాన్నీ మూట్ అన్నారు. మన లా కాలేజీల మూట్ కోర్టులు ఆ వంశానివే. బ్రిటన్‌లో ఇప్పటికీ ‘మూట్ పాయింట్’ అంటే ఇంకా తేలనిది, వాదించాల్సింది. అమెరికాలో తలకిందులు: తేల్చినా ఫలితం లేనిది, కథ అయిపోయినది. ఊహాజనితమైన కేసు కాబట్టి తీర్పుతో పని లేదు అన్న వైపు అక్కడ మొగ్గింది.

ఆ రెండో అర్థం ఎంత దూరం పోతుందో డిఫ్యూనిస్ కేసు చూస్తే తెలుస్తుంది. మార్కో డిఫ్యూనిస్ అనే తెల్లజాతి విద్యార్థికి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ లా స్కూల్లో సీటు రాలేదు. మైనారిటీలకు వేరే కొలబద్ద పెట్టారని కోర్టుకెక్కాడు. కింది కోర్టు చేర్చుకోమంది, రాష్ట్ర సుప్రీంకోర్టు కాదంది, స్టే మీద చదువు సాగింది. కేసు అమెరికా సుప్రీంకోర్టులో వాదనకు వచ్చేసరికి అతను ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. 1974 ఏప్రిల్‌లో 5-4తో కోర్టు చెప్పిందేమిటంటే: ఈ కుర్రాడు ఎలాగూ డిగ్రీ పూర్తి చేస్తున్నాడు, కాబట్టి కేసు మూట్. దేశమంతా ఎదురుచూసిన ప్రశ్నను ముట్టుకోకుండానే పక్కన పెట్టేశారు. అక్కడి రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం ఫెడరల్ కోర్టులు కేసులనూ, కాంట్రవర్సీలనూ మాత్రమే వినాలి. ఇక్కడ కాంట్రవర్సీ అంటే ఇరుపక్షాల మధ్య బతికున్న తగవు. మన సినిమా పేజీలో కాంట్రవర్సీ అంటే ప్రీ-రిలీజ్ ఈవెంట్‌లో ఎవరో నోరు జారడం. అమెరికా కోర్టు వార్తలో ఈ రెండో అర్థం దూర్చామా, అయిపోయామే.

అట్లాంటిక్ దాటితే అర్థం తిరగబడే మాట ఇంకొకటుంది, టేబుల్. బ్రిటన్‌లో, మన పార్లమెంటులో, టేబుల్ చేయడమంటే సభ ముందు పెట్టడం. అమెరికాలో పక్కన పెట్టడం, తరచుగా పాతిపెట్టడం కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారులు కూర్చున్న చోట ఈ ఒక్క మాట మీద పెద్ద రాద్ధాంతమే జరిగిందని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. బ్రిటిష్‌వాళ్లు అర్జెంటు కాగితమని టేబుల్ చేద్దామన్నారు, అంత ముఖ్యమైనదాన్ని మూలన పడేయడమేమిటని అమెరికన్లు అడ్డుపడ్డారు. చాలాసేపటికి గానీ ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని తెలియలేదు. వీసాల బిల్లును సెనేట్‌లో ‘టేబుల్’ చేశారని కాపీ వస్తే, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు పొద్దున్నే పేపర్లో ముందు అదే చదువుతారు. ప్రవేశపెట్టారని రాయాలా, అటకెక్కించారని రాయాలా అన్నది అక్కడ చిన్న సంగతి కాదు.

ఆర్గ్యుమెంట్ దగ్గర పెద్దగా ఆగను. ఇంట్లో “నాతో ఆర్గ్యూ చేయకు” అంటే నోర్ముయ్యమని. కోర్టులో అదే మాటకు కోపతాపాలేమీ ఉండవు. కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు 68 రోజులు విన్నవి ఆర్గ్యుమెంట్సే. అమెరికా సుప్రీంకోర్టులో మామూలుగా పక్షానికి అరగంటే ఇస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా బావమరిది ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు పంపిస్తూ ఉంటాడు, అక్కడ గొడవే లేదు.

డిబేట్ మాత్రం మన దగ్గర బాగా చెడింది. టీవీలో నలుగురిని నాలుగు గడుల్లో పెట్టి అరిపించడాన్ని డిబేట్ అంటున్నాం. అసలు డిబేట్‌కి ఒక తీర్మానం, అనుకూలం, ప్రతికూలం, చివర ఓటు ఉండాలి. 1933 ఫిబ్రవరి 9న విద్యార్థుల చర్చా సంఘమైన ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో ‘రాజు కోసం, దేశం కోసం ఈ సభ ఎట్టి పరిస్థితుల్లోనూ యుద్ధం చేయదు’ అన్న తీర్మానం 275-153 ఓట్లతో నెగ్గింది. సభ లోపల ఒక్క సాయంత్రంతో అయిపోయింది. బయటికొచ్చేసరికి అది కాంట్రవర్సీ. పత్రికలు విరుచుకుపడ్డాయి. చర్చిల్ కొడుకు రాండాల్ఫ్ వెళ్లి ఆ తీర్మానాన్ని రికార్డుల నుంచి కొట్టేయించబోయి 750-138తో ఓడిపోయాడు కూడా. లోపల ఓట్లు లెక్కపెట్టేవాడున్నాడు, బయట లేడు. తేడా అంతే. ఇలాంటి వార్త రాసేటప్పుడు లోపలిదాన్ని చర్చ అనీ, బయటిదాన్ని దుమారం అనీ రాస్తాను.

ఇంగ్లీషును ఇంతసేపు విడదీశాక మన ‘ఖండించారు’ గురించి చెప్పకపోతే అన్యాయం. దాడిని ఖండించారు అంటే కండెమ్న్. ఆరోపణను ఖండించారు అంటే డినై. శాస్త్రంలో ప్రతివాది సిద్ధాంతాన్ని ఖండించడమంటే రెఫ్యూట్, ఆధారాలు చూపి తప్పని నిరూపించడం. ఇంగ్లీషు పత్రికలు కూడా ఈ మధ్య రెఫ్యూట్‌ని ఉత్త కాదనడానికి వాడేస్తున్నాయి, అది వేరే సంగతి. కానీ ‘అవినీతి ఆరోపణలను మంత్రి ఖండించారు’ అని మనం రాస్తే ఆయన రుజువులు చూపాడా, ఊరికే కాదన్నాడా? చదివేవాడికి తెలిసే దారి లేదు. రుజువు లేనప్పుడు ‘తోసిపుచ్చారు’ అని, ఇంకా మెత్తగా అయితే ‘కాదన్నారు’ అని రాయాలని స్టైల్‌బుక్‌లో పెట్టమని మా న్యూస్ ఎడిటర్ గారిని అడిగాను. “మంచి పాయింటే, మీటింగులో డిస్కస్ చేద్దాం” అన్నారు. ఆ మీటింగు ఇంకా జరగలేదు.