మావాడి పుస్తకంలో గులకరాయి

మా అక్క కొడుక్కి పదహారేళ్లు. చూపు బాగా తక్కువ, వినికిడి అంతకన్నా తక్కువ, కుడిచెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. అక్కకి మూడో నెలలో జ్వరమొచ్చి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, మూడు రోజుల్లో తగ్గిపోయాయని ఎవరూ పట్టించుకోలేదు. అది రుబెల్లా అని వాడు పుట్టాకే తెలిసింది. మన దేశంలో 2017 నుంచి విడతలవారీగా మీజిల్స్-రుబెల్లా టీకా వేస్తున్నారు, మీ పిల్లలకి తప్పకుండా వేయించండి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. సర్టిఫికెట్ పని మీద ఒక ఆఫీసుకి వెళ్తే, "ఈ వయసులో వీడికి చదువెందుకమ్మా, అన్నం తినడం నేర్పండి చాలు" అన్నారు. అక్క దారంతా ఏడుస్తూనే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో చూపు, వినికిడి రెండూ దెబ్బతినడం కూడా లెక్కలోకి వస్తుంది, ఇలాంటి పిల్లలకి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉందని అదే చట్టం చెప్తోంది. ఆ రోజు నాకీ సంగతి తెలిసుంటే అక్కడే అడిగేదాన్ని.

అయితే తప్పు మా దగ్గరా ఉంది. చదువంటే అ ఆలే అనుకుని, ప్లాస్టిక్ అక్షరాలు కొని, వాడి చెయ్యి పట్టుకుని వాటి మీద రుద్దించాం. వాడు చెయ్యి లాక్కునేవాడు, మేము ఇంకా గట్టిగా పట్టుకునేవాళ్లం. ఇలాంటి పిల్లలతో చాలా ఏళ్లు పనిచేసిన ఒక టీచరమ్మ వచ్చి మా పద్ధతే మార్పించారు. ఆవిడ వాడి చెయ్యి పట్టుకోలేదు, తన చెయ్యి వాడి అరచేతి కిందకి పెట్టి కదిపారు, వాడికి ఇష్టమైతే వెంట వచ్చాడు, లేకపోతే తీసేశాడు. ఆ వేళ్లతోనే కదా వాడు చూడాలి, మనం వాటినే పట్టేసుకుంటే ఎలా?

తర్వాత రోజులో ఏ పని తర్వాత ఏదో వాడికి తెలిసేలా గళ్లున్న ఒక పెట్టె చేయించారు. ఎడమ నుంచి కుడికి స్పూను అంటే టిఫిను, తువ్వాలు ముక్క అంటే స్నానం, సంచి తాడు అంటే బజారు. పని అయ్యాక ఆ వస్తువుని పక్కనున్న డబ్బాలో పడేస్తాడు. మనం వరస చదివేదీ ఎడమ నుంచి కుడికే.

ఆపైన పుస్తకం. మందపాటి అట్టలు, పేజీకి ఒక్క వస్తువు. గుణుపురం రైలెక్కిన రోజు పేజీకి నేను చక్కటి బొమ్మ రైలు అంటించాను. వాడు తడిమి వదిలేశాడు. వాడి చేతికి అదొక ప్లాస్టిక్ ముక్క, అంతే. మరి వాడు ఎక్కిన రైలు ఎలాంటిది? దారంతా కిటికీ ఊచ పట్టుకుని, దాని అదురు అరచేతిలోకి వస్తుంటే నవ్వుతూ కూర్చున్నాడు. బొమ్మ పీకేసి ఇనప ఊచ ముక్క కట్టాం. ఆ పేజీ దగ్గర ఇప్పుడు చాలాసేపు ఆగుతాడు. సెలూన్ పేజీలో పటిక ముక్క ఉంది, ఎందుకంటే మీసాలొస్తున్న కుర్రాడికి ఇంకా చిట్టి చిలకమ్మ పేజీలేంటి!

ప్రతి పేజీ కింద పసుపు అట్ట మీద నల్లగా లావుగా ఒక మాట, దాని పక్కనే బ్రెయిలీ, అంటే వేళ్లతో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి. ఏ భాషలో నేర్పాలన్న టెన్షన్ కూడా అక్కడే తీరింది. మన దేశ భాషలకి ఉమ్మడిగా ఉన్న భారతి బ్రెయిలీలో 'క' అంటే తెలుగులోనైనా ఒడియాలోనైనా గడిలోని ఆరు చుక్కల్లో ఒకటో చుక్క, మూడో చుక్కే. వాడు చుక్కలు చదువుతాడో లేదో ఇప్పుడే చెప్పలేను. తన పేరున్న చోట మాత్రం ఎడమ చూపుడువేలు ఆగుతోంది.

పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి, నా గాజులు తడిమి నేనేనని తెలుసుకుని, పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టి, మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఏరుకున్న గులకరాయి పేజీ తీసి నా చెయ్యి దాని మీద పెట్టాడు. బయట వాన. గొడుగేసుకుని వెళ్లాం, ఏటి దాకా. రాయి జిగురు ఊడుతోంది, ఈసారి గుడ్డసంచిలో పెట్టి అట్టకి కుట్టెయ్యాలి.