నాన్న ఫోన్

ఉద్యోగం పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. పొద్దున అయిదున్నరకే మెలకువ వచ్చేసింది, ఆఫీసున్నప్పుడు మూడు అలారాలు మోగినా లేచేవాణ్ణి కాదు, ఇప్పుడు ఎవడు లేవమన్నాడని. పాల ప్యాకెట్ కోసం కిందికెళ్తే వాచ్‌మన్ "ఇంకా వర్క్ ఫ్రమ్ హోమేనా సార్" అన్నాడు. అవునన్నా, ఇంకేం చెప్తాం.

మా ఆవిడ స్కూలుకెళ్లాక లాప్‌టాప్ ముందేసుకున్నా. నౌకరీ అనే జాబ్ సైటులో రెజ్యూమెలో ఒక కామా తీసేసి మళ్లీ సేవ్ కొట్టా, రోజూ అప్‌డేట్ చేస్తుంటే పైన కనబడతామంటారు కదా. తర్వాత పీఎఫ్ సైటు. అందులో డేట్ ఆఫ్ ఎగ్జిట్, అంటే ఉద్యోగం వదిలిన తేదీ, పడలేదు, కంపెనీ వాళ్లు వెయ్యాలి, వాళ్లు వెయ్యకపోతే చివరి కంట్రిబ్యూషన్ నెల తర్వాత రెండు నెలలు ఆగి మనమే వేసుకోవాలి. గ్రాట్యుటీ ఊసే లేదు, దానికి అయిదేళ్లుండాలి, నాది నాలుగేళ్ల మూడు నెలలు. ఈఎంఐకి ఇవేం పట్టవు, 5వ తారీఖు పొద్దున్నే ఠంచనుగా కట్.

డబ్బుల సంగతి ఎలాగోలా లాగుతాం, నన్ను తినేస్తున్నది మాత్రం ఆ హెల్త్ కార్డు. అమ్మానాన్న కంపెనీ గ్రూప్ పాలసీలో ఉండేవాళ్లు, లాస్ట్ వర్కింగ్ డేతో అదీ పోయింది. వచ్చే నెల నాన్న కుడికంటికి శుక్లాల ఆపరేషన్, ఆ కార్డు మీదే చేయిద్దామనుకున్నాం. ఇప్పుడు విడిగా పాలసీ తీసుకున్నా శుక్లాలకి మామూలుగా రెండేళ్లు వెయిటింగ్ పీరియడ్ అంటున్నారు. అంటే ఇక ఆయనకి చెప్పక తప్పదన్నమాట, ఇన్నాళ్లూ దాచిందంతా.

నాలుగింటికి ఆయనే చేశారు. "ఏరా, డ్యూటీలో ఉన్నావా?" లేదు నాన్నా, ఉద్యోగం పోయింది అని ఒక్క ముక్కలో చెప్పేశా, అలా అనకపోతే ఇక అనలేనని. అటువైపు కాసేపు టీవీ సౌండే వినబడింది. "ఈమధ్య మొదటి రింగుకే ఎత్తుతున్నావు, అప్పుడే అనుకున్నాలేరా" అన్నారు. ఇదివరకు మూడుసార్లు చేస్తే ఒకసారి ఎత్తేవాణ్ణట. ఆపరేషన్ సంగతి ఎత్తబోతే, ఎడమ కన్ను బానే ఉందిగా, పేపర్ చదువుతూనే ఉన్నాగా అని ఫోను అమ్మకిచ్చేశారు.

అమ్మ ఏడుస్తుందనుకున్నా. బియ్యం ఉన్నాయా అనడిగింది. ఉన్నాయే బాబూ అన్నా వినకుండా రాత్రి బస్సుకి మూట వేయిస్తోంది. పొద్దున ఆరింటికల్లా మియాపూర్‌లో దించుకోవాలి, స్కూటీలో పెట్రోల్ ఉందో లేదో.