పడమటి కిటికీకి డబుల్ గ్లాస్ వేయించాం: నా అనుభవం

మాది కూకట్‌పల్లిలో మెయిన్ రోడ్డుకి ఆనుకుని ఉన్న అపార్ట్‌మెంట్. కింద ముంబై హైవే, దాని మీద మెట్రో. పడకగది కిటికీ సరిగ్గా పడమరకి. ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రానికి గాజు మీద చెయ్యి పెట్టలేం. రాత్రి ఏసీ ఎంతసేపు తిరిగినా గది చల్లబడదు, పైగా హారన్లు. కిటికీలు మార్చాల్సిందేనని మా ఆవిడ తేల్చేసింది.

ఏ షాపుకి వెళ్లినా ఒకటే పాట: "డబుల్ గ్లాస్ వేయించండి సార్, ఎండా రాదు, సౌండూ రాదు." అందులో సగమే నిజం.

ఆ గాజు తయారీ సంగతి చెప్తాను. రెండు పలకల మధ్య సాధారణంగా 12 మి.మీ. ఖాళీ వదిలి, అంచుల చుట్టూ సన్నటి అల్యూమినియం పట్టీ పెట్టి, గాలి చొరబడకుండా సీలు వేస్తారు. పట్టీ లోపల తేమని పీల్చే గుళికలుంటాయి. మధ్యలో కదలకుండా ఉన్న గాలి వేడిని తేలిగ్గా దాటనివ్వదు. వేడి ఎంత తేలిగ్గా దాటుతుందో చెప్పే అంకెని యూ-వాల్యూ అంటారు, అది 6 మి.మీ. ఒంటి గాజుకి 5.7 దాకా ఉంటే, మామూలు డబుల్ గ్లాస్‌కి దాదాపు 2.8. అంటే బయటి గాలి వేడి లోపలికి రావడం సగానికి పడిపోతుంది.

కానీ మా బాధ నేరుగా కొట్టే ఎండ. తెల్ల గాజు ఒక పలక ఉంటే ఎండ వేడిలో 80 శాతం దాకా లోపలికొస్తుంది, రెండు పలకలున్నా 70 శాతం వస్తుంది. ఇంత ఖర్చు పెట్టి ఆ పది శాతం కోసమా? ఎండని ఆపేది బయటి పలక లోపలి ముఖం మీద వేసే సన్నటి పూత. సోలార్ కంట్రోల్, లో-ఈ అంటారు. మంచి పూత ఉంటే ఆ 70 కాస్తా 30కి దిగుతుంది. అందుకే కొటేషన్లో "డీజీయూ" (డబుల్ గ్లాసే) అని మాత్రమే రాసిచ్చిన వాళ్లని పక్కన పెట్టేసి, ఎస్‌హెచ్‌జీసీ, అంటే ఎండ వేడిలో ఎంత వంతు లోపలికొస్తుందో చెప్పే అంకె, వేసిచ్చిన ఆయనకే ఆర్డరిచ్చాం.

సౌండ్ దగ్గరా ఇలాంటి మెలికే ఉంది. రెండు పలకలూ ఒకే మందమైతే ఒకే ఫ్రీక్వెన్సీ శబ్దానికి రెండూ కలిసి కంపిస్తాయి, అది లోపలికి జారుకుంటుంది. అందుకని బయట 6 మి.మీ., లోపలి వైపుకి, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు తీసుకున్నాం. స్లైడింగ్ వద్దన్నాం. జరిగే రెక్కల సందుల్లోంచి శబ్దం దర్జాగా వచ్చేస్తుంటే ఎంత ఖరీదైన గాజు వేసి ఏం లాభం? చుట్టూ రబ్బరు గాస్కెట్ మీద బిగుసుకునే తలుపు రకమే పెట్టించాం. బయట గ్రిల్ ఉంది కాబట్టి రెక్కలు లోపలికి తెరుచుకోవాలి. దానికోసం కర్టెన్ రాడ్ పైకి జరపాల్సొచ్చింది. అసోసియేషన్ వాళ్లకి వీటితో పనే లేదు. బయటికి ఫ్రేమ్ తెల్లగా కనబడితే చాలన్నారు, సంతకం పెట్టేశారు.

కొలతల దగ్గర మాత్రం నేను పక్కనే నిలబడ్డాను. ఈ గాజు ఫ్యాక్టరీలో సీలు వేసి వస్తుంది, ఇంటి దగ్గర అంచు కొయ్యడం కుదరదు. ఒక్కో కిటికీకి పైనా కిందా మధ్యలో కొలిచి, తక్కువ వచ్చిన కొలత రాసుకున్నారు.

గాజులు వచ్చిన రోజు బిగించే కుర్రాడు లైటర్ వెలిగించి బయటి పలక దగ్గర పెట్టాడు. "చూడండి సార్, నాలుగు మంటలు." పలకకి రెండు ముఖాలు కదా, నాలుగు ప్రతిబింబాలు. వాటిలో రెండోది మాత్రం వేరే రంగు. పూత ఉన్నదీ, సరైన ముఖానికే ఉన్నదీ అలా తెలుస్తుందట. మీరూ బిగించకముందే ఈ పరీక్ష చేయించండి.

చదరపు మీటరుకి 35 కిలోల బరువు, ఒక్కో రెక్కని ఇద్దరు పట్టి ఎత్తారు. ఫ్రేముకీ గోడకీ మధ్య సందుల్లో ఫోమ్ కొట్టి, పైన సిలికాన్ పూశారు. ఒక మూల ఫోమ్ సరిగా పట్టలేదు. అక్కడ చెవి పెడితే రోడ్డంతా వినిపించింది, మళ్లీ కొట్టించాం. పలకల మధ్య ఆవిరి పడితే సీలు పోయినట్టే, ఆ గాజు మొత్తం మార్చాలి. అందుకని సీలు వారంటీ బిల్లు మీద రాయించుకున్నాకే మిగతా డబ్బిచ్చాను.

ఇప్పుడు మే నెల సాయంత్రం కూడా గాజు లోపలి వైపు మామూలుగానే ఉంటోంది. ఏసీ 24లో పెట్టినా సరిపోతోంది. హారన్లు బాగా తగ్గాయి. లారీల గుర్రు మాత్రం ఇంకా లీలగా తెలుస్తుంది, లోతు శబ్దాల్ని ఆపడం ఈ గాజుకీ కష్టమే. గాలి కోసం కిటికీ తెరిచామా, రోడ్డు మళ్లీ ఇంట్లోకే. వంటింటి కిటికీ ఉత్తరం వైపు, రోడ్డుకి దూరం. అక్కడ పాత స్లైడింగే ఉంచేశాం.