పెదనాన్న పేరు వెతుక్కుంటూ ఢిల్లీకి

మా పెదనాన్న 1971 డిసెంబరులో, పశ్చిమ సరిహద్దున శకర్‌గఢ్ ప్రాంతంలో మందుపాతరలు తొలగిస్తూ చనిపోయారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు, మా నాన్నకు 15. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. ప్రపంచ యుద్ధాల కాలం నుంచీ అక్కడి మగపిల్లలు పటాలంలో చేరుతూ వచ్చారు కాబట్టి దాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. మాది ఆ చుట్టుపక్కల ఊరే. పెదనాన్న మాధవరం స్నేహితులతో కలిసి వెళ్లి సైన్యంలో మందుపాతరలు తొలగించి దారి చేసే ఇంజినీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో చేరారని, ఇంట్లో చెప్పింది మాత్రం ఎంపికయ్యాకేనని మా మేనత్త ఇప్పటికీ చెబుతుంది.

ఆయన పేరు ఇండియా గేట్ మీద ఉందని మా ఇంట్లో చాలా ఏళ్లు నమ్మాం. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో ఢిల్లీ వెళ్లినప్పుడు అక్కడ అమర్ జవాన్ జ్యోతికి దండం పెట్టుకుని, పైకి చూసి, ఆ ఎత్తున చెక్కిన అక్షరాలు చదవడం సాధ్యంకాక, ఉండే ఉంటుందనుకుని తిరిగివచ్చారు. నిజానికి ఆ కట్టడంపై ఉన్నవి మొదటి ప్రపంచ యుద్ధంలోను, 1919 నాటి అఫ్గాన్ యుద్ధంలోను మరణించిన సైనికుల పేర్లు. 1971 యుద్ధ వీరుల స్మృతికి 1972 జనవరి 26న దాని కింద జ్యోతిని వెలిగించారు గాని, వాళ్ల పేర్లను చెక్కలేదు. స్వాతంత్ర్యం తరువాత ప్రాణాలర్పించిన సైనికులందరి పేర్లూ ఒక్కచోట చదువుకోవడానికి 2019 ఫిబ్రవరి 25న జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమయ్యేదాకా ఆగవలసి వచ్చింది. ఇండియా గేట్ కింది జ్యోతిని కూడా 2022 జనవరి 21న ఈ స్మారకంలోని జ్యోతిలో కలిపేశారు. ఈ సంగతి వార్తల్లో చూసిన రోజునే నాన్న, "ఒకసారి వెళ్లొద్దామమ్మా" అన్నారు.

ప్రయాణం కంటే పేరు పట్టుకోవడమే కష్టమైంది. ఇంట్లో అందరికీ ఆయన అబ్బులు. బడిలో పేరు వేరు, పటాలంలో చేరేటప్పుడు రాయించిన పేరు మరికాస్త వేరు. మన పేర్లు ఉత్తరాది రికార్డుల్లోకి ఎక్కే తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. సత్యనారాయణ అన్న పేరునే తీసుకుంటే, అది ఒకచోట రెండు ముక్కలవుతుంది, ఇంకోచోట చివరి అక్షరం పోయి సత్య నారాయణ్ అవుతుంది, ముందుండవలసిన ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది, లేదా పూర్తిగా మాయమవుతుంది. ఇంట్లో కూర్చుని నేను ఎన్ని విధాల స్పెల్లింగు మార్చి వెతికినా, ఒక్కోసారి అసలేమీ రాలేదు, ఒక్కోసారి ఎవరెవరి పేర్లో వచ్చాయి.

చివరికి దారి చూపింది మా నాన్నమ్మ ట్రంకుపెట్టె. పెదనాన్నకు పెళ్లి కాలేదు కాబట్టి పింఛను నాన్నమ్మకే వచ్చేది. ఆవిడ పోయాక ఎవరూ తెరవని ఆ పెట్టెలో, పసుపు మరకలున్న గుడ్డలో చుట్టిన పింఛను కాగితాలు దొరికాయి. వాటిమీద ఆయన సర్వీసు నంబరు ఉంది. ఇలాంటి పని మీద వెళ్లేవారెవరికైనా నేను చెప్పేది ఒక్కటే: పేరును నమ్ముకోవద్దు, నంబరు దగ్గర పెట్టుకుని బయలుదేరండి.

2023 నవంబరులో వెళ్లాం. స్మారకం ఇండియా గేట్‌కు ఆనుకునే ఉంది, ప్రవేశానికి టికెట్టు లేదు, సంచులు తనిఖీ చేసి పంపుతారు. చెన్నైకి చెందిన వాస్తుశిల్పి యోగేష్ చంద్రహాసన్ దీన్ని చక్రవ్యూహం పోలికతో ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వలయాల్లో రూపొందించారు. అన్నిటికంటే లోపలిది అమర చక్రం, అందులోనే స్తంభమూ దాని కింద జ్యోతీ ఉంటాయి. దాని చుట్టూ వీరతా చక్రం, ఆపైన త్యాగ చక్రం, అన్నిటికంటే బయట చెట్ల వరుసలతో రక్షక చక్రం. మనం పద్మవ్యూహం అని చెప్పుకునే దాంట్లో అభిమన్యుడికి తిరిగివచ్చే దారి తెలియదన్న మాట నాకు లోపలికి నడుస్తుండగా గుర్తొచ్చింది గాని, నాన్నతో అనలేదు. వీరతా చక్రంలోని ఆరు కంచు ఫలకాలనూ త్వరత్వరగా చూశాం, ఎందుకంటే ఆయన చూపంతా త్యాగ చక్రం గోడల మీదే ఉంది.

ఆ గోడల్లో ఒక్కొక్క సైనికుడికి ఒక్కొక్క గ్రానైట్ పలక ఉంటుంది. అలాంటివి పాతిక వేలకు పైగా ఉన్నాయి కాబట్టి ఊరికే నడుస్తూ వెతికితే దొరికేది కాదు. పేరు ఏ గోడ మీద ఉందో చూసుకోవడానికి కంప్యూటర్ తెరలు పెట్టారు. అక్కడున్న యువ జవాను నాన్న చేతిలోని పింఛను కాగితం చూసి, "అంకుల్‌జీ, ముందు నంబరు చెప్పండి" అని హిందీలో అడిగాడు. దగ్గర దగ్గరగా ఉన్న పేర్లలో ఒకదాని నంబరు మా కాగితంతో సరిపోయింది. నేను ఇంట్లో ప్రయత్నించని స్పెల్లింగు అదొక్కటే.

పలక నాన్న ఛాతీ ఎత్తులో ఉంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, బొటనవేలిని బంగారు రంగు అక్షరాల మీద ఒక్కొక్కటిగా జరుపుతూ, కూడబలుక్కుని చదివారు. మధ్యలో వేలు ఒక అక్షరం దగ్గర ఆగింది. "ఇక్కడ ఒక 'ఎ' తక్కువైందమ్మా" అన్నారు. తరువాత జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పలక మీద ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో దించుకుని, దాని కింద తెలుగులో పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, రాసుకున్నారు. నవంబరు ఎండకు రాయి కాస్త వెచ్చగా ఉంది. పక్క పలక ఎవరిదోనని చూస్తే అది వేరే రాష్ట్రం పేరులా అనిపించింది. నాన్న దాన్ని కూడా ఒకసారి చేత్తో తుడిచారు.

బయటకు వచ్చే ముందు పరమ వీర చక్ర గ్రహీతల విగ్రహాలున్న పరమ యోధ స్థల్‌కు వెళ్లాం. అక్కడ 21 ఏళ్ల అరుణ్ ఖేత్రపాల్ విగ్రహం ముందు నాన్న చాలాసేపు నిలబడ్డారు. 1971 డిసెంబరు 16న బసంతర్ నది దగ్గర, మందుపాతరల మధ్య దారి ఇంకా పూర్తిగా సిద్ధం కాకముందే ఖేత్రపాల్ దళం ట్యాంకులను ముందుకు నడిపింది. ఆ దారిని సిద్ధం చేస్తున్నవాళ్లు సాపర్లు. విగ్రహానికి దక్కవలసిన గౌరవం దక్కింది, అందులో నాకు సందేహం లేదు, కానీ ట్యాంకు కంటే ముందు నేలమీద మోకాళ్లూని వెళ్లినవాళ్లలో చాలామందిని పలకల్లోనే వెతుక్కోవాలి.

సాయంత్రం మేనత్తకు ఫోను చేశాం. తమ్ముడి గొంతు వినగానే ఆవిడ ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"మన ఇంటిపేరు రాశారా, తమ్ముడూ?"

"ఒక్క అక్షరం రాశారక్కయ్యా."

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, ఆ కాగితాలు మళ్లీ అదే గుడ్డలో చుట్టి తెమ్మంది.