చేదుకో మల్లన్నా

మా నాయన 22 శివరాత్రులు నల్లమలలో నడిచి శ్రీశైలం వెళ్లాడు. ఇరవైమూడో శివరాత్రి రాకముందే పోయాడు, అదీ నాలుగు నెలలు మంచంలో నరకం చూసి. సంవత్సరీకం అయ్యేదాకా కొండ ఎక్కకూడదన్నారు కాబట్టి నిరుడు ఆగి, ఈ ఏడు బయల్దేరాను. భక్తితో అని చెప్పను. ఆయన అన్నేళ్లు నడిచిన దారి ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది, అంతే.

తోడు పెదనాయన, బావ. దేవుడున్నాడనడంలో పెదనాయనకు సందేహం లేదు, లేడనడంలో బావకు సందేహం లేదు. నడుమ నేను. బావ సైన్సు మాస్టరు. "అడవి చూడ్డానికి వస్తున్నా, గుడికి కాదు" అని ముందే చెప్పాడు.

ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నడక. నాగలూటి వీరభద్రుడి గుడి దాకా ఒకటే కబుర్లు. ఆ పైన మెట్లు మొదలయ్యాక ఒక్కొక్కరి నోరూ మూతపడింది. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడన్నది బడిలో ఒక మార్కు ప్రశ్న. మోకాళ్లకు తెలిసొచ్చాక గానీ అదెంత పనో అర్థం కాలేదు.

పెచ్చెరువు చేరేసరికి చీకటి పడింది. నట్టడవి, కానీ శివరాత్రికి డేరాలు, అన్నదానం, జనరేటర్ల మోత. మజ్జిగన్నం తిని టార్పాలిన్ మీద పడ్డాం. కొత్త బూట్ల పుణ్యమా అని బావ కాళ్లు బొబ్బలెక్కాయి. పక్కన ఆదోని వైపు నుంచి వచ్చిన ఒకామె, యాభై దాటి ఉంటాయి, అడగకుండానే సంచిలోంచి సూది తీసింది. అగ్గిపుల్లతో మొన కాల్చి, దారం ఎక్కించి, బొబ్బకు ఈ పక్క గుచ్చి ఆ పక్క లాగింది. రెండు కొసలూ బయటికి ఉండేట్టు దారం తెంపింది.

"దారం పీక్కోవద్దు నాయనా. నీరంతా దాని ఎంబడే పోతాది. తోలు ఊడితే నడవలేవు."

సైన్సు మాస్టరు బుద్ధిగా తలూపాడు.

అప్పుడే అడిగాను పెదనాయనను, అన్నాళ్లుగా గొంతులో ఉన్న మాట. "ఇన్నిసార్లు నడిచినోనికి అట్లాంటి చావేంది పెదనాయనా?"

కర్మ అంటాడనుకున్నాను. బావ అందుకు జవాబు సిద్ధం చేసుకుని లేచి కూర్చున్నాడు కూడా. పెదనాయన చాలాసేపు మాట్లాడలేదు. "మీ నాయన ఎప్పుడూ ఏమీ అడగలేదురా. నేనే అడిగినా, వాడు లేచి తిరగాలని" అన్నాడు.

"మరి?"

"ఇయ్యలేదు."

బావ మళ్లీ వెనక్కి వాలాడు. సూదిని సంచిలో దాస్తూ ఆమె అందుకుంది. "నేనైతే తిట్టనీకే పోతాండ. చెట్టంత కొడుకును తీసుకపాయ. మూడేండ్లుగా పోయి తిట్టొస్తాండ."

"లేడనుకుంటే తిట్టే పని కూడా ఉండదు కదక్కా" అన్నాడు బావ. ఎగతాళిగా కాదు, నిజంగానే.

"లేకుంటే నేనెవరిని తిట్టాల?"

టీవీలో ప్రవచనాలు కావలసినన్ని విన్నాను. ఇంత సూటిగా ఎవరూ మాట్లాడలేదు. బావ ఆ రాత్రి తెల్లవార్లూ అటూ ఇటూ దొర్లాడు, బొబ్బల వల్లే కావచ్చు.

మర్నాడు భీముని కొలను. లోయలోకి మెట్లమీద దిగి, మళ్లీ అవతల కైలాసద్వారం దాకా ఎక్కాలి. ఎక్కేటప్పుడు ముందు గుంపు "చేదుకో మల్లన్నా" అంటే వెనక గుంపు "ఆదుకో మల్లన్నా" అంటుంది. చిన్నప్పటి నుంచీ విన్న మాటే, అర్థం ఎన్నడూ పట్టించుకోలేదు. చేదడమంటే బావిలోంచి నీళ్లు తోడడం కదా. లోయ అడుగున నిలబడి తలెత్తితే తెలిసింది, మేం బావిలో ఉన్నాం, పైన తాడు పట్టుకున్నవాణ్ణి పిలుస్తున్నాం. ఆ మాట కట్టినవాడెవడో ఈ మెట్లెక్కినవాడే అయ్యుండాలి.

సగం ఎక్కాక ఆయాసంతో ఆగి చూస్తే, బావ కూడా అరుస్తున్నాడు. నేను చూడడం గమనించి, "అందరితో కలిసి అరిస్తే ఊపిరి లయలో పడుతుంది" అన్నాడు. సరేలే అనుకున్నాను.

శివరాత్రి రాత్రి పాగాలంకరణ. చీరాల వైపు నేతకారుల కుటుంబం ఏడాదంతా రోజుకో మూర చొప్పున నేసిన పాగా అది. గుడి దీపాలన్నీ ఆర్పేస్తారు. ఆ చీకట్లో నేతకారుడు దిగంబరంగా పైకెక్కి, స్వామి శిఖరం నుంచి ముఖమండపం మీది నందులకు పాగా చుడతాడు. అంతమంది జనం, ఏ మూలో ఒక పసిపిల్ల ఏడుపు తప్ప చప్పుడు లేదు. నాయన గుర్తొచ్చి ఏడ్చాను. ఎవరికీ కనబడదు కదా.

పక్క నుంచి బావ గుసగుసగా, "లీపు సంవత్సరంలో ఇంకో మూర నేస్తారా?" అన్నాడు.

"ఊరుకోవయ్యా" అన్నాడు పెదనాయన. ఆయన గొంతూ పూడుకుపోయి ఉంది.

ఒకప్పుడు లింగానికి తల ఆనించి మొక్కానని నాయన చెప్పేవాడు. శివరాత్రి రద్దీలో ఇప్పుడు స్పర్శ దర్శనం లేదు. దూరం నుంచి నాకు రెండు క్షణాలు దక్కింది, అంతలో వెనక నుంచి తోపు. బయటికొస్తే ఆదోని ఆమె గోడకానుకుని కూర్చుని ఉంది.

"తిట్టినావా అక్కా?"

"యాడ తిట్టేది. నోరు తెరిచేలోపల నెట్టేసిరి" అంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "మళ్లా రావాల."