ఎవరి నుంచి దాచావమ్మా?

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఒకరోజు స్టూల్ ఎక్కి, బీరువా మీదున్న పెద్ద సూట్‌కేస్‌ను ముందుకు లాగుతుంటే చూసి పరుగెత్తాను. "అందులో ఏముందమ్మా?" అంది. "నీ తెలుగు పుస్తకాలు. అమ్మమ్మ ఇచ్చినవి. పాడవకుండా దాచాను" అన్నాను. స్టూల్ మీదే నిలబడి నావైపు తిరిగి, "దాచావా? ఎవరి నుంచి?" అని అడిగింది.

తనకు తెలిసిన దాచడం దాగుడుమూతల్లోది. ఎవరి కంటా పడకుండా చేయడం. నాకు తెలిసిన దాచడం వేరు. డబ్బు దాచుకుంటాం. ఊరెళ్ళినవాళ్ళ కోసం వాళ్ళకి ఇష్టమైనది దాచి ఉంచుతాం. మా అమ్మ నోట ఆ మాటకి ప్రేమ అనే అర్థం కూడా ఉండేది. అయితే ఆ సూట్‌కేస్ కిందకి దించి తెరిచి చూశాక, మా అమ్మాయి చెప్పిన అర్థమే నిజమనిపించింది. పుస్తకాలు కొన్ననాటిలాగే మెరుస్తున్నాయి. సగం పుస్తకాలు తనకి నాలుగేళ్ళప్పుడు చదివి వినిపించాల్సినవి. ఆ వయసు దాటి ఐదేళ్ళయింది.

పరాయి దేశంలో మాది రెండు గదుల అపార్ట్‌మెంట్, ఉండేది నలుగురం. చిన్న ఇల్లు సర్దేటప్పుడు అందరూ చెప్పే సలహా ఒకటుంది: రోజూ వాడేవి చేతికందే చోట, ఎప్పుడో ఒకసారి తీసేవి పైన. నేనూ అదే చేశాను. స్కూల్ పుస్తకాలు, బూట్లు, జాకెట్లు కింద. తెలుగు పుస్తకాలు, ఫోటో ఆల్బమ్‌లు, అమ్మ ఇచ్చిన చీరలు పైన. ఆ సర్దడంతోనే మా ఇంట్లో ఏది రోజువారీ బతుకో, ఏది ఎప్పుడో తీసి చూసుకునేదో పిల్లలకి చెప్పేశానని అప్పుడు తట్టలేదు. పిల్లలకి తెలుగు రావట్లేదని టెన్షన్ పడుతూ ఆన్‌లైన్ క్లాసుల కోసం వారాల తరబడి వెతికాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

అందుకని మళ్ళీ మొదటి నుంచి సర్దాను. ముందు టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచాను. పెట్టెలు కొన్నాక కొలవడం మహా పొరపాటు, ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. హ్యాంగర్లకి తగిలించే బట్టల బీరువాకి 60 సెంటీమీటర్ల లోతు కావాలి. పుస్తకాలకి అంత అక్కర్లేదు, 25 చాలు. పిల్లల బొమ్మల పుస్తకాలని అట్ట ముందుకు కనిపించేలా నిలబెడితే పది సెంటీమీటర్ల సన్నటి పలక సరిపోతుంది. తలుపు వెనక గోడ మీద అంత చోటు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, మనం చూడం అంతే. అక్కడ ఒకదాని కింద ఒకటి మూడు పలకలు కొట్టించాను. అన్నిటికంటే కింది పలక మా అబ్బాయి మోకాలి ఎత్తులో ఉంటుంది. వాడికి ఐదేళ్ళు.

పిల్లల వస్తువులు పిల్లల ఎత్తులో ఉండాలన్నది కొత్త సంగతేమీ కాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తన మొదటి బడి తెరిచి, పిల్లలు తమంతట తామే తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేలా పొట్టి అరలు వాడుకలోకి తెచ్చింది. ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు, బొమ్మల విషయంలో పాటించాను కూడా. పుస్తకాల విషయంలో పాటించలేదు. చిరిగిపోతాయని భయం. చిరిగాయి కూడా. మొదటి నెలలోనే ఒకదాని అట్ట ఊడింది. టేపు వేసి మళ్ళీ అక్కడే పెట్టాను.

ఆ తరవాత పెట్టెల మీద పేర్లు. ఇదొక్కటీ మా ఇంట్లో చేసినంత మార్పు ఇంకేదీ చేయలేదు. మంచం కిందా, సోఫా వెనకా, బల్ల కిందా మొత్తం పద్నాలుగు పెట్టెలున్నాయి. అన్నిటి మీదా లావు మార్కర్‌తో తెలుగులోనే రాశాను. రంగులు. బొమ్మలు. టోపీలు. తాళ్ళు. చదవమని ఎవరినీ అడగలేదు. రంగులు కావాలంటే రంగుల పెట్టె వెతుక్కోవాలి కాబట్టి వాళ్ళే చూడడం మొదలుపెట్టారు. మా అబ్బాయి ఒకరోజు 'బొమ్మలు' పెట్టె ముందు బోర్లా పడుకుని, వేలుతో ఒత్తు మీద రాస్తూ, "పెద్ద మ కింద పిల్ల మ ఉంది" అన్నాడు. ద్విత్వాక్షరం గురించి నేను అంతకంటే బాగా చెప్పలేను.

ఒక పెట్టె మీద 'ఇతరాలు' అని రాశాను. "అంటే?" అంది అమ్మాయి. "ఏ పెట్టెలోనూ పట్టనివి, అవీ ఇవీ" అన్నాను. "మరి అలాగే రాయొచ్చు కదా" అని కొట్టేసి, తనే 'అవీ ఇవీ' అని రాసింది. నాకు తెలియకుండానే పుస్తకాల భాష రాశాను. పిల్లకి కావలసింది మేం మాట్లాడుకునే భాష. (ఈ పెట్టె మాత్రం చిన్నదిగా ఉండాలి. పెద్దదైతే ఇల్లంతా అందులోకి చేరుతుంది.)

అంతా ఇంత సాఫీగా జరగలేదు. ఒక శనివారం తన స్నేహితురాలు వస్తోందనగా, మా అమ్మాయి పెట్టెలన్నీ పేర్లు కనపడకుండా గోడవైపు తిప్పింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. నన్ను చూసి, "వచ్చి వెళ్ళాక మళ్ళీ తిప్పేస్తాను" అంది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. కోప్పడాలనిపించలేదు. ఆ వయసులో నలుగురిలో వేరుగా కనపడడం ఎంత బరువో నాకు తెలుసు. నేనూ వంగి రెండు పెట్టెలు తిప్పాను. ఒకటి మిగిలిపోయింది, అదే 'అవీ ఇవీ'. వచ్చిన పిల్ల దాని ముందే కూర్చుంది. ఇదేం లిపి, తన పేరు ఇందులో ఎలా ఉంటుంది అని అడిగింది. మా అమ్మాయి మూడుసార్లు రాసి, కొట్టేసి, నాలుగోసారి నా దగ్గరకి వచ్చి గుసగుసగా "థ ఎలా రాస్తారు?" అని అడిగి వెళ్ళింది. ఆ సాయంత్రం పెట్టెల్ని తనే తిప్పింది. ఆ తరవాత ఇంకో స్నేహితురాలు వచ్చినప్పుడు మళ్ళీ గోడవైపే తిప్పింది. ఈసారి నేను వంగలేదు, అలాగని అడ్డు కూడా చెప్పలేదు.

ఇక సూట్‌కేసులు. మనలాంటి వాళ్ళ ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువ చోటు మింగేవి ఇవే. 23 కిలోలు పట్టే పెద్ద పెట్టెలు మాకు నాలుగున్నాయి. ఖాళీగా వదిలితే నాలుగూ దండగే. చిన్నదాన్ని పెద్దదాంట్లో పెట్టి రెండు జతలు చేశాను. ఒక జతలో చలికాలం బట్టలు, ఇంకో జతలో అదనపు దుప్పట్లు. మంచం కాళ్ళ కింద గట్టి దిమ్మలు పెట్టి ఎత్తు పెంచాక రెండు జతలూ కిందకి వెళ్ళిపోయాయి. బీరువా మీద ఇప్పుడు ఏమీ లేదు. పిల్లలున్న ఇంట్లో ఎత్తు మీద బరువులు పెట్టకూడదని ఆ స్టూల్ సంఘటనతో తెలిసొచ్చింది. బీరువానీ, పుస్తకాల అరనీ గోడకి బిగించేశాం కూడా. సొరుగులు లాగి మెట్లలా ఎక్కడం పిల్లలకి మామూలే. అన్నీ ఒకేసారి లాగితే బరువు ముందుకొచ్చి మొత్తం మీద పడుతుంది. ఇది మాత్రం వాయిదా వేయకండి.

చీరల సంగతి కొస్తే, అమ్మ ఇచ్చిన పెట్టెలో కలరా ఉండలు కూడా ఉన్నాయి. వాటిని మొదటే తీసి పారేశాను. అవి తెల్లగా మిఠాయిలా ఉంటాయి, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకైతే ఆ ఉండల్లో ఉండే నాఫ్తలిన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. పట్టుచీరలకి పాత నూలు గుడ్డ చాలు. గాలి లాగేసే ప్లాస్టిక్ సంచులు దూది దుప్పట్లకి పనికొస్తాయి గానీ పట్టుకి వద్దు. నాలుగైదు నెలలకోసారి విప్పి, పాత మడత మీద కాకుండా వేరే చోట మడవాలి, లేకపోతే మడత దగ్గరే చీలుతుంది. ఆ పని ఇప్పుడు నేనూ మా అమ్మాయీ కలిసి చేస్తాం. చెరో కొసా పట్టుకోవడానికి మా హాలు సరిగ్గా సరిపోదు, తను గుమ్మం దాటి వంటగదిలోకి వెళ్ళి నిలబడాలి. ఇది ఎవరిది, ఎప్పుడు కట్టుకున్నారు అని అక్కడి నుంచే అరుస్తుంది. నాకు తెలిసినంత నేనూ అరిచి చెబుతాను.

పోయిన ఏడాది అమ్మ వచ్చి మూడు నెలలుంది. అన్నాళ్ళు ఉండే మనిషికి పక్క ఒక్కటీ ఇస్తే చాలదు, వస్తువులు పెట్టుకోవడానికి తనదంటూ ఒక చోటు కావాలి. లేకపోతే మూడు నెలలూ సూట్‌కేస్‌లోంచి బట్టలు తీసుకుంటూ, ఎప్పుడెళ్ళిపోదామా అన్నట్టు ఉంటుంది. పిల్లలిద్దరికీ మూడేసి సొరుగులున్నాయి. అందులో చెరొకటి అమ్మమ్మకి ఇవ్వమన్నాను. అబ్బాయి ఇచ్చేశాడు. అమ్మాయి ఏడ్చింది. అది తన సొంతమని, అడగకుండా ఎవరూ తెరవకూడదని నేనే చెప్పానని గుర్తు చేసింది. నిజమే, చెప్పాను. ఇక్కడ పెరిగే పిల్లకి తనదంటూ ఒకటి ఉండాలని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. వచ్చినవాళ్ళకి చోటివ్వాలని కూడా అంతే గట్టిగా అనుకుంటాను. ఈ రెండూ ఒకే సొరుగు దగ్గర ఎదురుపడతాయని అనుకోలేదు. లాక్కోలేదు, రెండు రోజులు ఆగాను. మూడో రోజు తనే ఖాళీ చేసి, ఒక కాగితం మీద 'అమ్మమ్మ' అని రాసి అతికించింది.

అమ్మ వెళ్ళిపోయి ఏడు నెలలయింది. అబ్బాయి సొరుగు మళ్ళీ సాక్సులతో నిండిపోయింది. అమ్మాయి సొరుగు మీద కాగితం అలాగే ఉంది. లోపల అమ్మ మరిచిపోయిన కళ్ళద్దాల పెట్టె తప్ప ఇంకేం లేదు. జానెడు చోటు కోసం గోడలు కొలుచుకునే ఇంట్లో ఒక సొరుగు ఖాళీగా ఉంది. మొన్న అబ్బాయి తన కార్లు పెట్టుకోవడానికి అది కావాలని అడిగాడు. వాళ్ళక్క ఒప్పుకోలేదు. వాడికి సోఫా కింద ఇంకో పెట్టె పట్టేంత చోటు వెతికి ఇచ్చాను. పేరు వాడే రాస్తానన్నాడు. 'కార్లు' అని రాశాడు, ర కింద ల పెట్టాల్సింది ల కింద ర పెట్టాడు. అలాగే ఉంచాను.